అరచేతుల వాసన

మా కుస్తీ ఉస్తాదు గారు పగలంతా పరుపులకు దూది ఏకేవారు. సాయంత్రం, కుస్తీ నేర్పే తాలింఖానా గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చే ప్రతివాడి అరచేతులూ వాసన చూసేవారు. మిరపకాయలు ముట్టుకున్న చెయ్యి కుస్తీలో ఎదుటివాడి కంటికి తగిలితే ఇంకేముంది? ఘాటు తెలిసిందంటే వాడు ఆ రోజుకి ఇంటికే.

నేను కాలేజీలో చదువుతూ, మా ఊరు నల్లపాడు నుంచి సైకిలు మీద వెళ్ళి నేర్చుకునేవాణ్ణి. పోటీకి ఎవరిని పంపాలో తేల్చే రోజున, పొద్దుటి నుంచీ మా కల్లంలో మిరపకాయలు ఏరి, చేతులు రెండుసార్లు సబ్బుతో తోముకుని వెళ్ళాను. ఉస్తాదు గారు వాసన చూసి, మళ్ళీ ఇంకోసారి చూశారు.

"ఏరా, కాయలు ముట్టుకున్నావా?"

"లేదండీ."

"అయితే నాతోనే పట్టు."

ఎప్పుడూ గట్టున నిలబడి చెప్పే మనిషి లుంగీ ఎగగట్టి గోదాలోకి దిగారు. మట్టిలో బోర్లా పడుకుని, నా చెయ్యి తన మెడ చుట్టూ వేయించుకున్నారు. నా వేళ్ళు ఆయన రెప్పలకు రాసుకున్నాయి. కళ్ళు ఎర్రబడి ధారగా కారాయి. నేను వదలబోతే, "సడలనివ్వకు. మోచెయ్యి ఇంకా దించు" అన్నారు. నాకు పట్టు కుదిరేదాకా లేవలేదు.

పోటీకి ఇంకొకణ్ణి పంపారు. అబద్ధమని తెలిసినప్పుడు నన్ను ఇంటికి పంపేయకుండా ఎందుకు దిగారో నాకిప్పటికీ అంతుపట్టదు.

మర్నాటి నుంచి అందరి చేతులూ వాసన చూసి, నన్ను మాత్రం "ముట్టుకున్నావా?" అని అడిగి ఊరుకునేవారు. కాయలు అమ్ముడయ్యేదాకా, "ముట్టుకున్నానండి" అని చెప్పి ఎన్ని సాయంత్రాలు సైకిలు వెనక్కి తిప్పానో.