కరువు గదిలో పచ్చని చెట్లు

మా విశ్వవిద్యాలయంలో పరిశోధన ఉపన్యాసం ఉందంటే ముందు నేల తడిసేది. బయటి ఊరి నుంచి పెద్ద ఆచార్యుడు వస్తున్నాడనగానే, అనంతపురం దుమ్ము ఆయన బూట్లకు అంటకూడదని ట్యాంకరు తెప్పించి విభాగం ముందు వాకిలంతా తడిపించేవాళ్లు. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొద్ది కాలమే అయింది. హాస్టల్లో మేము అరబకెట్టుతో స్నానం ముగించే ఎండల్లో కూడా ఈ మర్యాద తప్పలేదు.

నా పరిశోధన వేరుశనగ మీద. నీళ్లు అందనప్పుడు ఆకులో ఏ జన్యువులు మేలుకుంటాయో తేల్చాలి. విభాగం వెనక ప్లాస్టిక్ కప్పు వేసి, కుండీల్లో చెట్లు పెంచి, పూతకొచ్చాక నీళ్లు ఆపేశాను. దాన్ని కరువు గది అనేవాళ్లం. ముదిగుబ్బ దగ్గర వేరుశనగే పండించే మా నాయన ఆ సంగతి విని, "నిజం కరువు మన చేన్లోనే ఉండాది కదమ్మా, మళ్లీ దాన్ని తయారుచేసేదేంది?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ నా పీహెచ్‌డీ పట్టా అంతా ఆ కుండీల మీదే ఉంది. వాడిన ఆకులు కోసి జన్యు పరీక్షకు పంపితేనే పని ముందుకు సాగేది. కోయాల్సిన రోజే ఒక అతిథి ఉపన్యాసం పెట్టారు.

పొద్దున్నే వెళ్లి చూస్తే నా చెట్లు పచ్చగా తలలెత్తుకుని ఉన్నాయి. కుండీల్లో మట్టి ఇంకా తడిగా ఉంది. వాకిలి మరోసారి తడపడానికి వచ్చిన ట్యాంకరు డ్రైవరును అడిగాను.

"నిన్న మిగిలిన నీళ్లు ఊరికే పారబోస్తామా అమ్మా? చెట్లు సచ్చిపోతాండాయి. చూడలేక పోసినా" అన్నాడు.

మా నాయనైనా అదే పని చేసేవాడు.

విభాగాధిపతే నాకు గైడు. పరుగున వెళ్లి చెప్పాను. ఆయన అంతా విని, అద్దంలో చూసుకుంటూ కాలరు సర్దుకుని, పోనీలే, ఎండిన చెట్లు చూపిస్తే ఏం బాగుంటుంది అన్నాడు.

అతిథి బాగానే మాట్లాడాడు. జన్యువుల సమాచారం చేతిలో ఉంటే ప్రకృతి చేసే పనిని మనమే ప్రయోగశాలలో చేసి చూపించవచ్చన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మా సారు ఆయన్ను కరువు గదికి తీసుకొచ్చి, వారాల తరబడి చుక్క నీరు లేకుండా నిలబడిన రకం ఇదేనని చెప్పాడు. చెబుతుంటే ఆయన గొంతు కొంచెమైనా తడబడలేదు. అతిథి మురిసిపోతూ ఆకులు నిమిరాడు. సారు ఆ చెట్లకు ఫొటో తీయించాడు.

నిన్న నీళ్లు పోశారు సార్ అన్నాను.

"మా పాప తమాషా చేస్తాంది సార్. రాండి, భోజనాలు రెడీగా ఉండాయి" అన్నాడు సారు. అందరూ నవ్వి చేతులు కడుక్కోవడానికి కదిలారు. ఆ నవ్విన నోటితోనే బిర్యానీ తింటూ విజ్ఞానం గురించి మాట్లాడుతున్న వాళ్లను చూస్తే అసహ్యం వేసింది. నేను తినలేదు.

ఆ ఆకుల్నే సారు పరీక్షకు పంపి, వచ్చిన ఫలితాన్ని ఊరూరా ఉపన్యాసాల్లో చెప్పుకున్నాడు. మరుసటి పంటకాలం నేను కరువు గదికి తాళం వేసి అంతా మొదటినుంచీ చేశాను. ఆ రకం కరువుకు తట్టుకోలేదు.

చివరి మౌఖిక పరీక్షలో, నీ ఫలితం మీ గైడు ఫలితంతో ఎందుకు కలవడంలేదని పరీక్షకుడు అడిగాడు. పక్కనే కూర్చున్న సారు ఫ్యానుకేసి చూస్తున్నాడు.

"ఆ చెట్లు నీళ్లు తాగినాయి సార్" అన్నాను.

పరీక్షకుడు గొంతు తగ్గించి, "థీసిస్‌లో అట్ల రాయొద్దమ్మా. వాతావరణంలో తేడా అని రాసుకొనిరా, పట్టా ఇస్తాం" అన్నాడు.

నేను ట్యాంకరు అనే రాశాను. పట్టా రెండేళ్లు ఆగింది. ఆ రెండేళ్లూ, వాకిలి తడిసినప్పుడల్లా, వచ్చిన ప్రతి అతిథీ ఉపన్యాసాల హాలు గోడ మీద నా పచ్చని చెట్ల ఫొటో ముందు ఆగి, కింద కరువు అని రాసింది చదివి, మా సారుకు చేయి కలిపి వెళ్లాడు.