కాంక్రీటు దిమ్మెకు ఉన్ని చొక్కా

ఇంగెలీసకు చేతులు ఊరుకోవు. లింగ్‌బ్రోలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. స్కూలు బస్సు నడిపిన రోజుల్లో ఎర్రదీపం దగ్గర బస్సు ఆగితే చాలు, ఒళ్ళోంచి అల్లిక సూదులు తీసి నాలుగు కుట్లు వేసేది. వెనకనుంచి పిల్లలు "ఇంగెలీసా, పచ్చ పడింది!" అని అరిస్తే గానీ బస్సు కదిలేది కాదు. పదవీ విరమణ అయ్యాక ఇక అడ్డేముంది? టీ కెటిల్‌కు టోపీ, పోస్టు డబ్బాకు కోటు, గేటు పిడికి తొడుగు. ఈకలు రాలిపోతున్న కోడికి కూడా ఒక చొక్కా అల్లింది. ఆ కోడి దాన్ని తొడుక్కుని పెరట్లో పంచాయతీ తీర్చే పెద్దమనిషిలా తిరిగేది.

ఆమె భర్త టోర్కిల్ మాట్లాడడమే తక్కువ. "మా ఇంట్లో ఒకే చోట ఎక్కువసేపు కూర్చోకూడదు. లేచేసరికి ఒంటిమీద ఏదో ఒకటి ఉంటుంది" అనేవాడు, వచ్చినవాళ్ళను హెచ్చరిస్తున్నట్టు.

ఆ ఏడాది చలి మొదలయ్యే రోజుల్లో, ఎక్కడో దూరాన ఒక మహానగరంలో ఒకడు జనం మీదికి లారీ తోలాడు. వారమంతా టీవీలో అదే. చూసినవాళ్ళకు అన్నం సయించలేదు. డెన్మార్క్‌లో ఊరూరా కూడళ్ళ చుట్టూ, బండ్లు దూసుకురాకుండా, కాంక్రీటు దిమ్మెలు దిగాయి. లింగ్‌బ్రోలోనూ దిగాయి. లింగ్‌బ్రో క్రిస్మస్ సంత అంటే ఒక సాసేజీల బండి, ఒక కొవ్వొత్తుల బల్ల, చర్చి ముందు పాటలు. అందులోనూ పాడేవాళ్ళే వినేవాళ్ళకంటే ఎక్కువ. అయినా జాగ్రత్త జాగ్రత్తే కదా.

దిమ్మెలు కావాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు హాగ్‌బార్ట్. జర్మనీ సరిహద్దులో కస్టమ్స్ ఉద్యోగం చేసి దిగిపోయాడు. జీవితమంతా కార్ల డిక్కీలు తెరిపించి, లెక్కకు మించిన బీరు పెట్టెలు పట్టుకున్నాడు. ఇప్పుడు తెరిపించడానికి డిక్కీలు లేక, కనిపించిన ప్రతిదాన్నీ అనుమానించేవాడు.

"సరిహద్దు ఇక్కడికి అరగంట దూరం. ఎవడు ఎప్పుడు ఎటునుంచి వస్తాడో ఎవరికి తెలుసు?" అనేవాడు రొట్టెల దుకాణంలో.

"వచ్చి ఏం చేస్తాడు మనూళ్ళో? బస్సు కూడా గంటకొకటే" అనేది దుకాణం ఆవిడ.

దిమ్మెలు దిగిన పొద్దునే ఇంగెలీస మోకాలు ఒకదానికి కొట్టుకుంది. మోకాలు రుద్దుకుంటూ దాన్ని ఎగాదిగా చూసింది. బూడిదరంగు, చెమ్మ, మొహం మాడ్చుకున్న చుట్టంలా అక్కడ నిలబడి ఉంది. ఆమెకు కోపం రాలేదు, జాలేసింది.

"నిలబడాల్సిందే అయితే ఒంటిమీద ఏదైనా కప్పుకుని నిలబడొచ్చుగా" అంది టోర్కిల్‌తో.

టోర్కిల్ నిట్టూర్చి కారు తాళాలు తీశాడు. ఉన్ని జర్మనీ వైపు చవక.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర కుర్ర సైనికుడొకడు కారు ఆపాడు. వెనక సీటు, డిక్కీ, టోర్కిల్ కాళ్ళ దగ్గర కూడా ఎర్ర ఉన్ని, తెల్ల ఉన్ని.

"ఇంత ఉన్ని ఎవరికండీ?" అన్నాడు.

"ఉగ్రవాదుల కోసం బాబూ" అంది ఇంగెలీస.

కుర్రాడి చెయ్యి రేడియో మీదికి పోయింది. టోర్కిల్ ఆ రోజుకు సరిపడా మాటలన్నీ అక్కడే ఖర్చుపెట్టాడు: "ఉగ్రవాదులకు కాదు. వాళ్ళు రాకుండా పెట్టిన దిమ్మెలకు. ఈవిడ మా ఆవిడ. ఆవిడంతే."

వాసన పట్టే కుక్కను తెచ్చారు. అది డిక్కీలోకి ఎక్కి, ఉన్ని అంతా ఒకసారి మూచూసి, రెండుసార్లు చుట్టూ తిరిగి, ముడుచుకుని పడుకుంది. పిలిస్తే ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసింది. చివరికి ముగ్గురు కలిసి దాన్ని ఎత్తి దింపాల్సొచ్చింది.

"ఆ కుక్కకు ఒక కోటు..." అని మొదలుపెట్టింది ఇంగెలీస.

"బండి పోనీ" అన్నాడు టోర్కిల్.

సంతకు ముందే దిమ్మెలన్నీ కొత్తబట్టలు కట్టుకున్నాయి. ఎర్రటి చొక్కా, దాని నడుమ తెల్లటి ఎనిమిది రేకుల నక్షత్రం. పిల్లలు వాటిని కౌగిలించుకుని ఫొటోలు దిగారు. కూడలి మూల మీద పిజ్జా కొట్టు నడిపే షుక్రు బయటికొచ్చి చూసి, "అక్కా, నాకంటే ఇవే దర్జాగా ఉన్నాయి!" అన్నాడు. అతను టర్కీలో పుట్టినా మీసాలు మొలిచింది లింగ్‌బ్రోలోనే.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. స్థానిక పత్రికలో హాగ్‌బార్ట్ ఉత్తరం అచ్చయింది. పైన రెండు బొమ్మలు: ఒకటి దిమ్మె మీది నక్షత్రం, రెండోది అతను సెలవుల్లో స్పెయిన్ వెళ్ళినప్పుడు ఒక పాత మసీదు గోడ మీద తీసిన ఫొటో. రెండు నక్షత్రాలూ అచ్చుగుద్దినట్టు ఒకటే. "మనల్ని కాపాడాల్సిన దిమ్మె మీద ఎవరి గుర్తు పెట్టుకున్నాం?" అని అడిగాడు.

మర్నాడు ఇంకొకాయన రాశాడు: అది బెత్లెహేం నక్షత్రం, పక్కా క్రైస్తవం, ప్రభుత్వ దిమ్మెకు మతం అంటగట్టడం తప్పు. ఆ మర్నాడు మూడో ఆయన: అది రెండూ కాదు, ప్రాచీన ఉత్తర ఐరోపా గుర్తు, తమ జాతే గొప్ప అనుకునేవాళ్ళు వాడేది, వెంటనే విప్పించాలి. మసీదు ఎక్కువైందని కొందరు, చర్చి ఎక్కువైందని కొందరు, డెన్మార్కే ఎక్కువైందని కొందరు. కందకు లేని దురద కత్తికెందుకన్నట్టు, ఆ దిమ్మెలను ఎన్నడూ చూడని రాజధాని వాళ్ళు కూడా ఫేస్‌బుక్‌లో తిట్టుకున్నారు.

టీవీ అమ్మాయి ఒకతె మైకు పట్టుకుని షుక్రు కొట్టు ముందు నిలబడింది. "ఈ నక్షత్రం మీ మతానిదేనా?"

షుక్రు చేతికి అంటిన పిండి దులుపుకున్నాడు. "అమ్మాయ్, పిజ్జా మీద అనాసపండు ఎందుకేస్తావని ఈ ఊళ్ళో వెయ్యిమంది అడిగారు. నా మతం సంగతి అడిగింది నువ్వే మొదలు. అదీ ఒక స్వెటర్‌ని చూసి."

"అంటే, కాదంటారా?"

"అది అక్క అల్లిందంటాను. దిమ్మెల వల్ల నా పిండి వ్యాన్ లోపలికి రావట్లేదని కూడా అంటాను. అది వేస్తారా టీవీలో?"

వెయ్యలేదు.

మేయరు వైబెక బహిరంగ సభ పెట్టింది. ఆటల హాలు నిండిపోయింది. ముందు వరుసలో ఇంగెలీస ఏదో అల్లుకుంటూ కూర్చుంది. హాగ్‌బార్ట్ టై కట్టుకుని వచ్చాడు.

"అడవిపందులు రాకుండా సరిహద్దు పొడవునా కంచె కట్టాం. పందిని ఆపగలిగిన దేశం ఉగ్రవాదిని ఆపలేదా?" అన్నాడు.

వెనకనుంచి ఒక జాలరి: "పందులు సముద్రంలో ఈదుకుంటూ వస్తున్నాయి హాగ్‌బార్ట్. నా పడవ పక్కనుంచే పోయాయి."

"వాటి మతమేంటో కనుక్కున్నావా?" అన్నారింకెవరో. హాలంతా గొల్లుమంది.

హాగ్‌బార్ట్ మొహం కందగడ్డయింది. "నవ్వండి. ఆ లారీ కింద పడినవాళ్ళు కూడా సంతకే వచ్చారు. భయపడటం తప్పా?"

నవ్వు ఆగిపోయింది. బడి పంతులమ్మ లేచింది. "భయపడటం తప్పు కాదు. కానీ ప్రతిసారీ మన భయానికి షుక్రు సంజాయిషీ చెప్పుకోవాల్సొస్తోంది. అది తప్పు."

"నేనేం చెప్పుకోలేదు, కాఫీ ఉచితమంటే వచ్చా" అన్నాడు షుక్రు. కానీ ఈసారి అతనూ పూర్తిగా నవ్వలేదు.

ఇంగెలీస సూదులు ఒళ్ళో పెట్టింది. "అది మా అమ్మమ్మ చేతితొడుగుల మీది పువ్వు. ఆవిడకొచ్చిన పువ్వు అదొక్కటే."

"మీ అమ్మమ్మకు ఎవరు నేర్పారు?" అని అడిగిందొక ముసలమ్మ.

"ఎవరో నార్వే నావికుడట."

"వాడికెవరు నేర్పారు?"

"ఆ నావికుడి గురించి అమ్మమ్మ మా తాతయ్యకే సరిగ్గా చెప్పలేదు, నాకేం చెబుతుంది?"

సభ అంతకుమించి ముందుకు పోలేదు. ఎవరినీ నొప్పించని కొత్త అల్లిక ఎంచడానికి వైబెక ఒక కమిటీ వేసి ఇంటికెళ్ళింది.

మర్నాడు తెల్లవారగానే హాగ్‌బార్ట్ కెమెరాతో కూడలికి వెళ్ళాడు. కమిటీకి ఇవ్వడానికి నక్షత్రాన్ని దగ్గరగా ఫొటో తీశాడు. కారెక్కి వెనక్కి తీసినప్పుడు, బండి వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కేనికి చొక్కా అంచు చిక్కుకుంది. అతను చూసుకోలేదు. రొట్టెల దుకాణం దగ్గర ఆగి రొట్టె కొన్నాడు. పెట్రోలు పోయించుకున్నాడు. చర్చి చుట్టూ తిరిగి ఇంటికెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. వెనక దిమ్మె కుట్టు కుట్టూ ఊడి, ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడిపోయింది.

తాడును చూసి పామనుకునే కాలం. రొట్టెల దుకాణం ఆవిడ వీధిలో ఎర్రగా, బిగుతుగా సాగిన వస్తువును చూసి పోలీసులకు ఫోన్ చేసింది. "వైరు! ఎర్ర వైరు! పెట్రోలు బంకు వైపు పోతోంది!"

కూడలి ఖాళీ చేయించారు. బాంబులు తీసే మరమనిషి దిగింది. దానికి కాళ్ళ బదులు చక్రాలున్నాయి. వైరు దగ్గరికి జాగ్రత్తగా వెళ్ళింది, చక్రానికి పోగు చుట్టుకుంది, వదిలించుకోవడానికి గిరగిరా తిరిగింది. తిరిగినకొద్దీ ఇంకా చుట్టుకుంది. కాసేపటికి పట్టుపురుగు గూడులా ఎర్రటి ఉండై, కుయ్యిమని ఆగిపోయింది.

తాడు కట్టిన అవతల నిలబడ్డ ఇంగెలీస చెయ్యెత్తింది. "పోలీసుబాబూ! అది జర్మనీ ఉన్ని. అరవై డిగ్రీల్లో ఉతక్కూడదు గానీ, పేలదు."

అధికారి ఆ పోగును ముట్టుకున్నాడు, వాసన చూశాడు, టోపీ తీసి తల గోక్కున్నాడు. తర్వాత అతనూ, వెనక ఊరూ, ఆ పోగు పట్టుకుని చర్చి చుట్టూ తిరిగి హాగ్‌బార్ట్ ఇంటికి చేరారు.

హాగ్‌బార్ట్ అప్పటికే టీవీలో విన్నాడు: లింగ్‌బ్రోలో అనుమానాస్పద వైరు. కిటికీలోంచి తొంగిచూస్తే ఆ వైరు వచ్చి తన కారుకే తగులుకుని ఉంది! పాత కస్టమ్స్ టోపీ నెత్తిన పెట్టుకుని, వంటింటి బల్ల కింద దూరాడు.

ఇంగెలీస కిటికీ తట్టింది. "హాగ్‌బార్ట్! నేనే. తలుపు తియ్యి."

"పారిపో ఇంగెలీసా! నా కారుకు పెట్టారు!"

"పెట్టింది నువ్వే. అది నా చొక్కా. బయటికి రా, చుట్టుకోవడానికి నాకు రెండు చేతులు కావాలి."

బల్ల కిందినుంచి ముందు టోపీ కనిపించింది, దాని వెనక మనిషి.

జనం నవ్వారు, ఫొటోలు తీశారు, చలికి తట్టుకోలేక వెళ్ళిపోయారు. ఇంగెలీస అతన్ని షుక్రు కొట్లోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టి, రెండు చేతులూ చాపించి, చిక్కుపడ్డ ఉన్నిని వాటికి తొడిగింది. చేతులు అలా చాపి కూర్చున్నవాడు వాదించలేడు, లేచిపోనూ లేడు. షుక్రు టీ తెచ్చి, చేతులు ఖాళీ లేవని తనే తాగించాడు.

"ఊరంతా నవ్వారు" అన్నాడు హాగ్‌బార్ట్.

"రేపటికి మర్చిపోతారు. ఎల్లుండి గుర్తొచ్చి మళ్ళీ నవ్వుతారు" అంది ఇంగెలీస, ఉండ చుట్టుకుంటూ.

"నాకు నిజంగానే భయం ఇంగెలీసా. టీవీ చూసిన రాత్రి నిద్ర పట్టదు."

"నాకు పడుతుందా? ఇన్ని దిమ్మెలకు ఊరికే అల్లాననుకున్నావా?"

షుక్రు కప్పు దించాడు. "నాక్కూడా పట్టదు హాగ్‌బార్ట్ అన్నా. లారీ వాడంటే నాకూ భయమే. మర్నాడు పొద్దున నువ్వు నావంక చూసే చూపంటే ఇంకా భయం."

హాగ్‌బార్ట్ చేతుల్లోని ఉన్ని వంక చూశాడు. "టీలో చక్కెర ఎక్కువేశావు" అన్నాడు చివరికి.

"తగ్గిస్తాలే" అన్నాడు షుక్రు.

కమిటీ రెండు నెలలు కూర్చుని అడ్డచారలు ఖాయం చేసింది. అవి ఏదో దేశపు జెండాలా ఉన్నాయని ఉత్తరాలు రాకముందే వానలు మొదలయ్యాయి. చొక్కాలు నీళ్ళు తాగి, బరువెక్కి, బొందు తెగిన లాగుల్లా కిందికి జారాయి. మునిసిపాలిటీ వాళ్ళు వాటిని తీసి పట్టుకెళ్ళారు.

ఇంగెలీస పిలుపు మీద హాగ్‌బార్ట్ లైబ్రరీలో జరిగే అల్లికల క్లబ్బుకు రావడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళంతా ఇప్పుడు ఇంగెలీసను తిడుతున్నారు, ఎందుకంటే అతను నోరు మూయడు. సరిహద్దు గురించి అతని అభిప్రాయం వెంట్రుకవాసి మారలేదు. ఎన్నికల్లో అతనిదొక పార్టీ, ఇంగెలీసదొక పార్టీ. అతనికి కోపమొచ్చినప్పుడు కుట్లు బిగుసుకుంటాయి, చల్లబడ్డాక వదులవుతాయి. అతని మొదటి మఫ్లరు ఒకచోట రెండు వేళ్ళ వెడల్పు, ఇంకోచోట జానెడు. ఆ ఇరుకు చోటు చూపించి, "ఇదిగో, ఇక్కడ పందుల కంచె గురించి మాట్లాడాడు" అంటుంది ఇంగెలీస.

దాన్ని అతను కాగితంలో చుట్టి తీసుకెళ్ళి షుక్రు బల్ల మీద పెట్టాడు. షుక్రు విప్పి, ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసి, "ఇది మెడకా, నడుముకా అన్నా?" అని అడిగాడు.

"నీ ఇష్టం. చలిగా ఉంది కదా అని" అన్నాడు హాగ్‌బార్ట్. అనాసపండు పిజ్జా ఒకటి చెప్పి, కిటికీ పక్కన కూర్చున్నాడు.