నత్తమ్మ వినని మాట

ఆమె గదిలో గోడగడియారం లేదు. గడియారాలు బాగుచేసేవాడి కూతురి గదిలో గడియారం లేకపోవడమేమిటని అందరూ నవ్వేవాళ్లు. ఒక్కో రోగితో ముప్పావుగంట కూర్చునే నరాల డాక్టరుకి గడియారంతో ఏం పని? బయట బల్లల మీద పడిగాపులు కాసేవాళ్లు ఆమెకు నత్తమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్లే తమ వంతు వచ్చాక కుర్చీ వదిలేవాళ్లు కాదు.

ఆ నిదానం నాన్న కొట్లో అబ్బింది. చిన్నప్పుడు సెలవు రోజుల్లో మధ్యాహ్నం పూట నాన్న పనిబల్ల కింద పడుకునేది. పైన గోడ నిండా గడియారాలు, దేని వేళ దానిదే. ఒకటి ఆరంటే ఇంకొకటి పదకొండనేది. ఆ టిక్కుటిక్కుల్లో కళ్లు మూతలు పడి, నిద్రో మెలకువో తెలియకుండా, ఉదయమూ సాయంత్రమూ ఆ బల్ల కిందే కలిసిపోయి ఉన్నట్టు తోచేది. నాన్న ఏ గడియారాన్నీ వెంటనే విప్పేవాడు కాదు. ముందు తన చెవికి ఆనించుకుని, తర్వాత వంగి కూతురి చెవికి ఆనించేవాడు.

"విను తల్లీ. విప్పడానికేముంది, ఎవడైనా విప్పుతాడు," అనేవాడు.

తర్వాత మెదడు గురించి ఎన్ని లావుపాటి పుస్తకాలు చదివినా, అసలు చదువు ఆ బల్ల కిందే అయిపోయిందని ఆమె నమ్మకం. అందుకే రోగి కుర్చీని తలుపుకి దూరంగా, కిటికీ పక్కన వేయించింది. తలుపు నుంచి కుర్చీ దాకా పదకొండు అడుగులు. చెప్పు ఈడ్చేవాళ్లు, ఒక చెయ్యి ఊపనివాళ్లు, గుమ్మంలోనే కాలు అంటుకుపోయేవాళ్లు, అందరూ నోరు తెరవకముందే సగం చెప్పేసేవాళ్లు.

టైలరు మాస్టారు మాత్రం ఒకరోజు పొద్దున పదకొండు అడుగులూ చక్కగా వేసుకుంటూ వచ్చాడు. వెనకే తమ్ముడు. ఇద్దరిదీ ఒకే కొట్టు. ముప్పై ఏళ్లుగా అన్న కత్తిరిస్తాడు, తమ్ముడు కుడతాడు. ఆర్నెల్లుగా కత్తిరింపు దగ్గర అన్న చెయ్యి మొరాయిస్తోందట.

"మొరాయిస్తోంది చెయ్యి కాదమ్మా, మనిషి!" అన్నాడు తమ్ముడు. "గడ్డం గీసుకుంటాడు, సైకిలు తొక్కుతాడు, పేకముక్కలు పంచుతాడు. కత్తెర పట్టమంటేనే వంకలు. మీరు ఏం లేదని చెప్పారంటే ఇవాళ్టి నుంచి కత్తిరింపు బల్ల నాది. ఈయన మూల కూర్చుని గుండీలు కుట్టుకుంటాడు."

మాస్టారు తల దించుకున్నాడు. చేతులు చాపమంటే చాపాడు. వేలితో ముక్కు తాకమంటే తాకాడు. కాగితం మీద సున్నాలు నిక్షేపంలా చుట్టాడు. తల స్కానింగు ఫిలిం కూడా శుభ్రంగా ఉంది.

"ఏ జబ్బూ లేదు మాస్టారూ, బెంగ పెట్టుకోకండి," అని ఆమె రాయడం మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గర ఆయన ఆగాడు. "కత్తెర తెచ్చుకోవాల్సిందమ్మా," అన్నాడు. ఆమె రాస్తూనే తలూపింది.

సాయంత్రం గడియారాల కొట్టుకి వెళ్లేసరికి నాన్న ఒక లోలకం గడియారాన్ని చంకన పెట్టుకుని చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"ఇది ఇక్కడ పది రోజులు బ్రహ్మాండంగా నడిచిందే. వాళ్లింట్లో తగిలిస్తే గంటకే ఆగిందట. ఇంక దీన్నెన్నిసార్లు చూస్తే ఏం లాభం? వెళ్లి ఆ గోడ చూడాలి."

నాన్న సందు మలుపు తిరిగిపోయినా ఆమె అక్కడే నిలబడిపోయింది. వెనక గడియారాలన్నీ ఎప్పట్లాగే దేని వేళ అది చెప్పుకుంటున్నాయి. వాటి మధ్యలోంచి, పొద్దున గుమ్మం దగ్గర మాస్టారు అన్న కత్తెర మాట ఆమెకు అప్పుడు వినబడింది.

మర్నాడు ఉదయమే టైలరు కొట్టుకి వెళ్లింది. పల్చటి ఎండలో నూలుపోగులు తేలుతున్నాయి. తమ్ముడు మెడలో టేపు వేసుకుని కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మాస్టారు మూల కూర్చుని గుండీలు కుడుతున్నాడు. సూది తొణక్కుండా పోతోంది.

"ఒక్కసారి కత్తిరించండి మాస్టారూ."

ఆయన లేచి కత్తెర అందుకున్నాడు. గుడ్డ అంచుకి ఆనించగానే బొటనవేలు నెమ్మదిగా లోపలికి ముడుచుకుంది, మణికట్టు మెలి తిరిగింది, సుద్దగీత దాటి గుడ్డ తెగింది. కత్తెర కింద పెట్టగానే చెయ్యి మామూలైపోయింది. ఆమె మూడుసార్లు చేయించింది. మూడుసార్లూ అంతే.

"ఇది వంక కాదు, జబ్బే," అంది ఆమె తమ్ముడి వైపు తిరిగి. "ఏళ్ల తరబడి ఒకే పని చేసిన కొందరికి, మెదడు ఆ ఒక్క పని దగ్గరే చిక్కుపడుతుంది. మిగతావన్నీ బాగానే చేస్తారు." తర్వాత మాస్టారుతో, "నిన్న మీరు చెప్పారు, నేనే వినలేదు. తప్పు నాది," అంది.

"తగ్గుతుందా అమ్మా?"

"పూర్తిగానో కాదో చెప్పలేను. ముంజేతికి ఇంజెక్షన్లు ఇస్తాను. కత్తెర పిడికి గుడ్డ చుట్టుకుని, దాన్ని పట్టడం మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. మునుపటి వేగం రాకపోవచ్చు."

"రాకపోతే పోయింది," అన్నాడు మాస్టారు. "ఆర్నెల్లుగా నా మాట నమ్మినవాళ్లు లేరమ్మా. నిజంగా నటిస్తున్నానేమోనని నాకే అనుమానం వచ్చింది."

తమ్ముడు తన మెడలోని టేపు తీసి అన్న మెడలో వేశాడు.

మాస్టారు కళ్లు తుడుచుకుని స్టూలు మీది గుడ్డముక్కలు దులిపి ఆమె ముందుకు జరిపాడు. "కూర్చోండమ్మా. మొదట్నుంచీ చెబుతాను."

అవతల ఆసుపత్రిలో జనం అప్పటికే నత్తమ్మని తిట్టుకుంటూ ఉంటారు. ఆమె కూర్చుంది.