ఒకరి మార్కులు ఇంకొకరికి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నంద్యాలలో ఎంసీఏ ముగించి, ఆళ్లగడ్డలోని ఒక ప్రైవేటు కాలేజీకి జావాలో వెబ్‌సైట్ చేసిచ్చాను. హాల్‌టికెట్ నెంబరు కొట్టి బటన్ నొక్కితే మార్కులు కనిపిస్తాయి. అదే నా మొదటి పని.

ఫలితాల రోజు నేనూ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లోనే ఉన్నాను. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు అమ్మాయిలు ఒకేసారి నొక్కారు. ఒకమ్మాయికి లెక్కల్లో ఫెయిలని వచ్చింది.

"నేను బాగా రాసినా నాయనా!" అంది ఆ పిల్ల.

"ఏందీ రాసింది? కంప్యూటరేమన్నా అబద్ధం చెప్తాదా?" అంటూ వెనకే నిలబడ్డ వాళ్ల నాయన అందరి ముందూ చెంప మీద కొట్టాడు.

అనుమానమొచ్చి మళ్లీ నొక్కించాను. పాసైంది! ఎవరి నెంబరు వారికి వేరుగా ఉంచకుండా, ప్రోగ్రాములో అందరివీ ఒకేచోట పెట్టాను. ఇద్దరూ ఒకేసారి నొక్కేసరికి పక్కమ్మాయి నెంబరు ఈమె నెంబరు మీద పడి, ఆ అమ్మాయి మార్కులు ఈమెకు వచ్చాయి. ఇంట్లో నేనొక్కదాన్నే నొక్కి చూసుకున్నప్పుడు ఇది బయటపడలేదు.

"తప్పు నాదన్నా, పాపది కాదు" అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. వాళ్ల నాయన కూతురి భుజం మీద చెయ్యి వేయబోతే ఆమె పక్కకు జరిగింది.

"మిషన్ మాట నమ్మినాడక్కా, నా మాట నమ్మలేదు" అంది నాతో.

ఆ సాయంత్రమే ప్రోగ్రాము సరిచేశాను. ఇప్పటికీ ఏ ప్రోగ్రామైనా ఇద్దరి చేత ఒకేసారి నొక్కించి చూశాకే ఇస్తున్నాను.