కుడివైపు ఇండికేటర్ తొందర

రెండువేల మూడో సంవత్సరం మే నెలంతా నా చెవిలో ఒకటే చప్పుడు. కారు కుడివైపు ఇండికేటర్ వేస్తే టిక్కు, టిక్కు అని నిదానంగా కొట్టుకోవలసింది, టికటికటికమని ఊపిరాడనట్టు కొట్టుకునేది. ఎడమవైపుది బాగానే ఉండేది. హోసూరు నుంచి పోయేటప్పుడు రెండూ బాగానే ఉండేవి. వేప్పనపల్లి దగ్గరి మా మామిడితోట నుంచి తిరిగి వచ్చేటప్పుడే కుడివైపుకు ఈ తొందర.

పోనీలే అని వదిలేసే స్థితిలో లేను. మా ఆయన పోయిన తరువాత కారు నేనే నడుపుతున్నాను. యాభై దాటిన ఆడమనిషి ఒంటరిగా హైవే మీద పోవడం మా మరిదికి ఇష్టం లేదు. తోటను గుత్తకిచ్చి ఇంట్లో కూర్చోమంటాడు. గుత్తకిస్తే ఏ చెట్టుకు ఏ మందు కొట్టారో, ఏ కొమ్మ విరిచారో అడిగే హక్కు ఉండదు. కారు ఆగిందంటే తోట నా చేతిలోంచి పోయినట్టే.

హోసూరులో మెకానిక్ మొదట బల్బులు మార్చాడు. తరువాతి వారం, ఇండికేటర్‌ను కొట్టించే ఫ్లాషర్ మార్చాడు. ఆ పై వారం సీట్లో కూర్చుని ఇండికేటర్ వేసి నా ముఖం చూశాడు.

"బాగానే కొట్టుకుంటా ఉందికదమ్మా. ఒక బల్బు వెలగకపోతే మిగిలింది బిరబిరా కొట్టుకుంటాది. ఈడ ముందరిదీ, వెనకదీ రెండూ వెలగతా ఉండాయి."

"నిన్న అట్ల లేదప్పా."

"నిన్నటి బండిని నేనెట్ల రిపేరీ చేసేదమ్మా? జబ్బు ఉన్నప్పుడే పిల్చుకొని రావాల."

పక్కన టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏ పనికైనా తేదీ వేసి లెక్క కట్టి పెట్టుకునే మనిషిని. కారణం తెలియనిది ఒక్కటి ఇంట్లో ఉన్నా నాకు అన్నం సహించదు. పొయ్యి మీద పులుసు పెట్టి, మంట తగ్గించి, బయటికి పోయి ఇండికేటర్ వేసి చూసి వచ్చేదాన్ని. నిదానంగా, బుద్ధిగా కొట్టుకునేది. అది చూస్తే ఇంకా కలవరం.

ఆ నెల చివర్లో మరిది నాతో తోటకు వస్తానన్నాడు. "నీ డ్రైవింగ్ ఎట్లుందో చూస్తా వదినా. బాగలేదంటే ఈ పొద్దే గుత్తదారుకు మాటిచ్చేస్తా" అన్నాడు.

తొలి కోతల కాయలు మండీకి అమ్మకానికి పోకముందు చుట్టాల ఇళ్ళకు పోవాలి. మా వాళ్ళలో అది ఆచారం. మెట్టినింటి వైపు వాళ్ళకు ఒక గంప, పుట్టింటి వైపు వాళ్ళకు ఒక గంప. రెండూ ఒకే విడతలో కదలాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే ఎవరో ఒకరు మూతి ముడుస్తారు. అందుకే ఆ నెలలో తోటకు పోయిన ప్రతిసారీ, ఎంత ఇరుకైనా డిక్కీలో రెండు గంపలూ కుక్కేవాళ్ళం. ఆ రోజూ అలాగే ఎక్కించి బయలుదేరాము.

సూళగిరి దగ్గర మా పల్లెరోడ్డు హైవేలో కలుస్తుంది. హోసూరుకు కుడివైపు తిరగాలి. రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులు, ఎటు చూసినా మట్టికుప్పలు. కుడి ఇండికేటర్ వేశాను. టికటికటిక. బండి కొంచెం కదిలించానో లేదో, వెనక ఉన్న లారీ హారన్ కొడుతూ నా కుడివైపు నుంచే దూసుకుపోయింది. బ్రేకు తొక్కాను. డిక్కీలో గంపలు ధబ్బుమన్నాయి.

మరిది రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు. "చూసినావా? ఇందుకే కదా చెప్పేది! నీకు వద్దు ఈ బండి."

బండిని ఎడమవైపు మట్టిలోకి దించి ఆపాను. ఒంటరిగా వచ్చిన రోజుల్లో ఆ మలుపులో ఎప్పుడూ దిగలేదు. "ఆ ఇండికేటర్ అట్లే ఉండనీ. ముట్టుకోవద్దు" అని దిగాను. ముందు దీపం పిచ్చిగా కొట్టుకుంటోంది. వెనకది చీకటి, లారీవాడికి నేను తిరుగుతున్నట్టే తెలియలేదు. ఇంటికి పోగానే ముందు గంపలు దించి, ఆ తరువాతే దీపాలు చూసేదాన్ని. మెకానిక్ దగ్గరికి పోయిందీ ఎప్పుడూ ఖాళీ బండే.

డిక్కీ తెరిచాను. కుడివైపు గంప అంచు సరిగ్గా దీపం వెనక బల్బు హోల్డర్ మీద ఆనుకుని, దాని తీగను నొక్కిపట్టి ఉంది. గంపను లోపలికి లాగాను.

"వదినా! సరిపోయిందే! ఏం చేసినావు?" అని లోపలి నుంచి కేక.

వదిలేశాను.

"మళ్ళీ చెడిపోయింది!"

మళ్ళీ లాగాను.

"ఇప్పుడు సరిగా ఉంది. ఏమి, ఆట ఆడతా ఉండావా నాతో?"

"దిగి వచ్చి చూడు. ఈ హోల్డర్‌కు అడ్డంగా ఒక అట్ట ఉండాల. అది యాడ పోయింది?"

అతను వచ్చి చూశాడు. "నిరుడు ఆఖరి కోతప్పుడు రెండో గంప పట్టలేదని నేనే పీకినా" అన్నాడు.

"ఏ వైపు వాళ్ళ గంప అప్పా అది?"

"మా వైపుదే. ఇంకేం అడగబాక, బండి తీయి."

దీపానికి ఆనుకున్న కుడివైపు గంపను ముందు సీట్లో అతని ఒళ్ళో పెట్టాను. తెల్లపంచె మీద మామిడి సొన కారుతుంటే గంపను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. లారీలన్నీ పోయేదాకా ఆగి, అతను పొమ్మన్నా ఇంకా కొంచెం ఆగి, తిరిగాను.

హోసూరులో ఇంటిముందు దిగి, పంచె దులుపుకుంటూ, "వచ్చే వారం నేను రానులే. నువ్వే పోయిరా" అన్నాడు. గుత్త మాట ఎత్తలేదు. సంతోషించవలసిన మాటే. కానీ నేను అప్పటికే డిక్కీ తెరిచి, ఆ హోల్డర్ ముందు ఎంత మందం అట్ట పెడితే గంప బరువుకు ఆగుతుందో అని వేళ్ళతో కొలుస్తున్నాను. సరేనని అన్నానో లేదో కూడా గుర్తులేదు.