గోడవైపు తిరిగి నిలిచినవాడు

తాళం లొంగిన చప్పుడు వినగానే అమ్మిరాజు పనిముట్టును సంచిలో వేసి, రెండడుగులు వెనక్కి జరిగి, గోడవైపు తిరిగి నిలబడేవాడు. తలుపు తోయడం ఇంటివారి పని. వాళ్లు లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాకే ఇటు తిరిగేవాడు. పొట్టకూటికి వెళ్లిన అరబ్బుల దేశంలో, నయీమ్ సందులోని తాళాల కొట్టులో పదమూడేళ్లు పనిచేశాడు. ఎన్ని వందల తలుపులు తీశాడో లెక్క లేదు. ఒక్కటి తప్ప, వాటిలో ఏ ఇల్లూ లోపల ఎలా ఉంటుందో చెప్పలేడు.

ఈ అలవాటు ఎవరూ నేర్పింది కాదు. వచ్చిన కొత్తలో ఒక వృద్ధుడి ఇంట తాళంచెవి పోయిన బీరువా తెరిచాడు. లోపల, చనిపోయిన భార్య బట్టలు మడత నలగకుండా ఉన్నాయి. ఆ పెద్దమనిషి సిగ్గుపడినట్టు బీరువా మూసేశాడు. తెరవడానికి తనకు అనుమతి ఉంది గాని చూడడానికి లేదని అమ్మిరాజుకు ఆనాడు తోచింది. ఇంతటి విచక్షణను మనం చదువుకున్నవారిలో ఆశిస్తాం. వారిలోనూ అరుదుగానే కనబడుతుంది.

తొంభై ఆరు వేసవిలో కొట్టుకు ఒక కాగితం వచ్చింది. తాళాలు తీసే పనివాళ్లందరూ పేర్లు నమోదు చేయించుకోవాలి. సొంత ఊళ్లో పోలీసు కేసులు లేవన్న పత్రం, వేలిముద్రలు, ఇక్కడ ఐదేళ్లుగా ఎరిగిన ఇద్దరి పూచీ సంతకాలు కావాలి. గడువు మూడు నెలలు. నమోదు కానివాడు పని మానుకోవాలి. పని లేనివాడికి వీసా ఉండదు.

భీమవరం దగ్గరి పల్లెలో ఉన్న భార్య సుబ్బాయమ్మ నాలుగుసార్లు స్టేషను చుట్టూ తిరిగి పోలీసు పత్రం సంపాదించి పంపింది. జుఫైర్‌లోని ఒక హోటలు మేనేజరు ఒక సంతకం పెట్టాడు. వీసా ఇప్పించిన కొట్టు యజమాని, అంటే కఫీల్, సంతకం చెల్లదన్నారు. ఇక కావలసింది ఒక్కటే. అమ్మిరాజు తాను తలుపులు తీసిన ఇళ్లకే వెళ్లి అడిగాడు. కొట్టు అందరికీ గుర్తుంది. మనిషి ఎవరికీ గుర్తులేడు.

గదిలో తోడుండే కరీంనగర్ నర్సింలుకు నవ్వాగలేదు.

"తలుపు తీసినంక గోడకు మొఖం పెడ్తివి గదనే అన్నా. ఈపు సూపిస్తే గుర్తువడ్తరేమో గని, నీ మొఖం ఎవడు సూశిండు?"

"ఊరుకోరా బాబూ. నీకు నవ్వులాటగానే ఉంటాది."

"గట్లగాదే. జింజ్‌ల మనోళ్లున్నరు గద, ఇంజనీర్ సారు. మూడుసార్లు పోతివి ఆళ్లింటికి. ఆయన్ని అడుగరాదూ."

శుక్రవారం మధ్యాహ్నం అమ్మిరాజు జింజ్ వెళ్లాడు. తలుపు తెరిచిన ఇంజనీరుగారి భార్య ప్రమీలకు మొదట ఆనవాలు చిక్కలేదు. అమ్మిరాజు అలవాటుగా రెండడుగులు వెనక్కి జరగగానే గుర్తుపట్టింది.

"మీరా! పాలు పొయ్యిమీద ఉండగా తలుపు తాళం పడిపోతే మీరేగా వచ్చి తీశారు! రండి, కూర్చోండి."

"పర్లేదమ్మా, ఇక్కడ బానే ఉందండి."

ఇంజనీరు వేంకటాచలం వచ్చి పూచీ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"నువ్వు మంచివాడివి కాదనను. కానీ దీన్లో 'నడవడిక స్వయంగా ఎరుగుదును' అని ఉందయ్యా. నీ నడవడిక నాకేం తెలుసు, చెప్పు?"

"మూడుసార్లు తవరి తలుపు తీశానండి."

"అదే చెబుతున్నా. మా తాళం నీకు ఎంతసేపట్లో లొంగుతుందో తెలుసు. మిగతాది తెలీదు."

"ఒక్క సంతకమేగా, పెట్టండి," అంది ప్రమీల.

"రేపెక్కడైనా దొంగతనం జరిగితే పిలిచేది నన్ను. నువ్వూరుకో."

"పోన్లెండి బాబుగారూ," అన్నాడు అమ్మిరాజు. "తెలీనిది తెలుసని రాయమంటం బాగోదు కదండీ."

వేంకటాచలం మాటల్లో తర్కదోషం లేదు. ఒక మనిషిని ఎరుగుదుమనడానికి ఆధారమేమిటన్నది పాత ప్రశ్నే. అయితే, చూపు తిప్పుకుని నిలబడ్డవాణ్ణి మూడుసార్లు చూసిన మనిషి, తానేమీ చూడలేదన్నాడు.

గడువుకు నాలుగు రోజులుందనగా జింజ్ నుంచి కొట్టుకు ఫోను వచ్చింది. "యల్లా, నడు రాజూ, ఇంజనీర్ నిన్ను రమ్మంటున్నాడు," అన్నాడు ముసలి కఫీల్. అతని మొహం వెలిగింది. అమ్మిరాజు ఉతికిన చొక్కా వేసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయలుదేరాడు.

వేంకటాచలం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అమ్మిరాజు మొహంలోకి చూడలేదు.

"తాళం మార్చాలి. పాతది బాగానే ఉంది... ఊరికే, మార్చేద్దామని."

అమ్మిరాజు పాత తాళాన్ని ఒకసారి తిప్పి చూశాడు. అరుగుదల లేదు, పట్టేయడం లేదు. తన చేతికి లొంగుతుందన్నదొక్కటే దాని లోపం. వంటింట్లోంచి ప్రమీల బయటికి రాలేదు. అమ్మిరాజు దాన్ని విప్పి, గంటసేపు కూర్చుని కొత్తది బిగించాడు. మరలు నలగకుండా, చెక్క చిట్లకుండా, ఎప్పటిలాగే. తాళంచెవుల పొట్లం మూతికున్న అతుకు విప్పలేదు. దాన్ని అలాగే వేంకటాచలం చేతిలో పెట్టాడు.

"మూడుంటాయండి. తవరే చింపి చూసుకోండి. నా కాడ ఇంకోటి లేదండి."

రెండడుగులు వెనక్కి జరిగి, గోడవైపు తిరిగాడు. వెనక ఒకటి తర్వాత ఒకటిగా మూడు తాళంచెవులూ తిరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత తలుపు మూసుకుంది. కొత్త గడియ లోపలినుంచి పడింది. అప్పుడు ఇటు తిరిగి, సంచి తీసుకుని మెట్లు దిగాడు. కాగితం జేబులోంచి బయటికి రానేలేదు.

గడువు తీరిననాడు కఫీల్ "ఖలాస్" అని చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఆ నెలాఖరున అమ్మిరాజు విమానమెక్కాడు. ఏ నేరమూ చేయలేదన్న పత్రం పెట్టెలో అడుగున ఉంది.

జింజ్‌లోని ఆ తాళం ఇప్పటికీ సరిగానే పనిచేస్తూ ఉండాలి. ఆయన బిగించినది వదులైందని ఆ కొట్టుకు ఎవరూ ఎన్నడూ తిరిగి రాలేదు.