మోకాళ్ళ సాక్ష్యం

మా నస్పూర్ కాలనీలో ఎవరైనా మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంటే, కొడుకు పుట్టాడా, పెళ్ళి కుదిరిందా అని ఎవరూ అడగరు. "ఏం, అన్‌ఫిట్ అయిండా?" అని అడుగుతారు. అయ్యాడంటే ఇంకో ముక్క ఎక్కువ తీసుకుంటారు. బొగ్గుబాయి దిగే మనిషి ఇక ఆ పని చేయలేడని మెడికల్ బోర్డు తేల్చి కాగితమిస్తే, అతని ఉద్యోగం ఇంట్లో పిల్లల్లో ఒకరికి వస్తుంది. అందుకే లోకమంతా ఆరోగ్యం కోసం మొక్కుకుంటుంటే, మా దగ్గర యాభై దాటిన మగవాళ్ళు రోగం కోసం మొక్కుకుంటారు.

మా పక్క క్వార్టర్ కాకా చెవుడు ఎంచుకున్నాడు. బోర్డుకు నెల ముందునుంచే సాధన మొదలుపెట్టాడు. ఎవరు పిలిచినా పలకడు, గేటు ముందు లారీ హారన్ కొట్టినా కదలడు. ఒకరోజు మా అవ్వ, అంటే మా అమ్మ, గోడ ఇవతల నిలబడి వాళ్ళావిడతో, "ఇయ్యాల మటన్ తెచ్చినం, జర కూర పంపుత" అని మెల్లగా అంటే, అవతల అరుగు మీదినుంచి "నల్లిబొక్క ఒకటి ఎయ్యి వదినే" అని జవాబొచ్చింది. ఆ కాకా కూడా అన్‌ఫిట్ అయ్యాడు. మిఠాయి మేమూ తిన్నాం.

మా బాపుకు రోగం ఎంచుకునే అవసరమే లేదు. ఆయన మోకాళ్ళు నిజంగానే పోయాయి. ముప్పై ఏళ్ళు బాయి దిగి ఎక్కిన మోకాళ్ళవి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. మెట్లు ఎండ్రకాయలాగా పక్కకు తిరిగి దిగుతాడు. కాలనీలో దొంగ రోగులందరికీ అసలు రోగి ఎట్లుంటాడో చూపించడానికి పనికొచ్చే మనిషి. అయినా మా ఇంటినుంచి మిఠాయి డబ్బా బయటికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ముందు సాక్ష్యం సంగతి చెప్పాలి.

మాది చిన్న సంఘం. మందిరమంటే రేకుల షెడ్డు, మగవాళ్ళకు ఒక పక్క, ఆడవాళ్ళకు ఒక పక్క పరిచిన చాపలు. ఆదివారం పాటలయ్యాక పాస్టరు గారు "సాక్ష్యం చెప్పేటోళ్ళు ఉన్నరా?" అని అడుగుతారు. అప్పుడు ఎవరో ఒకరు లేచి ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్తారు. తప్పిపోయిన మేక దొరికిందని, జ్వరం తగ్గిందని, మంచిర్యాల బస్సులో సీటు దొరికిందని. సీటు సాక్ష్యం మా అవ్వదే.

మూడేళ్ళ క్రితం ఉపవాస ప్రార్థనల్లో పాస్టరు గారు బాపు మోకాళ్ళకు నూనె రాసి ప్రార్థన చేశారు. నొప్పి తగ్గింది. నిజంగానే తగ్గింది, నేను కాదనను. ఆ తర్వాతి ఆదివారం బాపు లేచి, "నా దేవుడు నా మోకాళ్ళు బాగుచేసిండు. నేను సచ్చేదాక గీ మోకాళ్ళే నా సాక్ష్యం" అని, అంతటితో ఊరుకోకుండా అందరి ముందూ గుంజీలు తీసి చూపించాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆ రోజునుంచి బాపు మా సంఘంలో 'మోకాళ్ళన్న' అయ్యాడు. కొత్తగా ఎవరొచ్చినా పాస్టరు గారు ముందు బాపును చూపించేవారు. చెన్నూరు నుంచి ఒకాయన తన నొప్పుల కాళ్ళతో బస్సెక్కి వచ్చి మరీ చూసిపోయాడు.

మూడు నెలలు గడిచాయి. వానలు పడ్డాయి. నొప్పి తిరిగొచ్చింది.

ఆ సంగతి అవ్వకు తెలుసు, నాకు తెలుసు, మంచం కింది నొప్పుల మందు సీసాలకు తెలుసు. సంఘంవాళ్ళెవరూ మా కాలనీలో ఉండరు కాబట్టి వాళ్ళకు మాత్రం తెలియనివ్వలేదు. ఇంట్లోనుంచి కుంటుతూ బయల్దేరిన మనిషి మందిరం సందు మొదట్లోకి రాగానే నిటారుగా అయ్యేవాడు. ఆ సందు పొడుగునా ఆయన పెదవులు కదిలేవి. ప్రార్థన చేస్తున్నాడని జనం అనుకునేవారు. మా దగ్గర కూడా నొస్తుందనే మాట ఆయన నోటినుంచి వచ్చేది కాదు. 'జర పట్టేసినట్టున్నది' అనేవాడు. 'చలిగాలికి' అనేవాడు. ఎండాకాలంలో కూడా చలిగాలికే.

నేనొక్కతినే సంతానం. డిగ్రీ అయింది, బీఎడ్ అయింది, ఒక ప్రైవేటు బడిలో చెప్తున్నాను. అక్కడ జీతమెప్పుడిస్తారో ఇచ్చేవాళ్ళకే తెలియదు. ఆడపిల్లలకు కూడా తండ్రి ఉద్యోగం ఇస్తున్నారని తెలిసినప్పటినుంచి నా ఆశంతా దానిమీదే. దాచేదేముంది, ఆశపడ్డాను. కానీ రిటైర్మెంటు మరీ దగ్గరపడ్డాక అన్‌ఫిట్ అయినా పిల్లలకు ఉద్యోగం రాదు. ఆ గడువు దాటడానికి ఏడాది ఉందనగా మా ఇంట్లో యుద్ధం మొదలైంది.

"నేను అబద్ధమాడి నౌకరి తేను బిడ్డా" అన్నాడు బాపు. "గీ లోకంల నౌకరి ఎన్నొద్దులుంటది? దేవుని దగ్గర దాసుకున్నదే మనది."

"అబద్ధం ఎవ్వరాడుమన్నరు బాపూ? నొస్తుందా, లేదా?"

బాపు మోకాళ్ళ మీదికి పంచె లాక్కున్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు. గంతే."

"సంఘం ముంగట బాగైనయని చెప్పిన. ఇప్పుడు బోర్డు ముంగట బాగలేవని చెప్తె దేవుడు అబద్ధికుడైతడు."

"దేవుడెందుకైతడు? నువ్వైతవ్."

అవ్వ గంటె చూపించి నా నోరు మూయించింది. మూయించి, తనే మొదలుపెట్టింది. ఏడాది పొడుగునా ఇదే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆయన, నాలుగో కాలు పట్టి చూపిస్తూ మేము. అబద్ధమాడి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళ మధ్య, నిజం చెప్తే వచ్చే ఉద్యోగాన్ని పరలోకం పేరు చెప్పి కాలదన్నే మనిషి నాకే తండ్రి కావాలా అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

చివరికి అవ్వ పాస్టరు గారి దగ్గరికి పోయింది. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. చెప్తే మొగుడి పరువు పోతుందాయె. "అయ్యగారూ, బోర్డుకు పొమ్మని మా ఇంటాయనకు మీరు ఒక్క మాట చెప్పుండ్రి" అని మాత్రం అంది. మోకాళ్ళు బాగైన మనిషిని బోర్డుకు పొమ్మనడమంటే ఏమనుకుంటారు? దొంగ అన్‌ఫిట్ అనుకున్నారు పాస్టరు గారు. వచ్చిన ఆదివారం ప్రసంగంలో, "మన మధ్య ఒక సహోదరుడున్నడు. ఇంట్లవాళ్ళు బతిమిలాడినా, కన్నబిడ్డ నౌకరి కోసం గూడ అబద్ధం ఆడనన్నడు. పరలోకంలో ఆయనకు ఎంత గొప్ప బహుమానమున్నదో!" అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు, అందరి తలలూ బాపువైపు తిరిగాయి. తర్వాత కొన్ని తలలు మావైపు కూడా తిరిగాయి, బతిమిలాడిన పాపాత్మురాళ్ళను చూడడానికి. నేను పళ్ళు కొరికిన చప్పుడు ఆమెన్ కేకల్లో కలిసిపోయింది. బాపు తల దించుకున్నాడు. వినయమనుకున్నారందరూ.

ఆ వారం అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఉపవాస ప్రార్థన అంది. ఉపవాసం దేవుని కోసమో, బాపు మీదో నేను అడగలేదు. మూడో రోజు పొద్దున బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, "పోత తియ్యి. అడిగినదానికి నిజమే చెప్త" అన్నాడు. మాకు కావలసిందీ అదే. నిజం మా పక్షానే ఉంది కదా అని నేను ఆ పూట పాటలు పాడుకుంటూ బడికి పోయాను.

బోర్డు రోజు బాపు వెంట నేనే పోయాను. ఆసుపత్రి వరండాలో బెంచీల నిండా మనుషులు. నల్లద్దాలు పెట్టుకుని గోడ పట్టుకు నడుస్తున్న ఒకాయన నా పక్కనుంచి పోతూ, "బిడ్డా, నీ చున్నీ కిందికి జారింది, చూసుకో" అన్నాడు. నవ్వొచ్చింది. వీళ్ళందరికీ అవుతుంది, మాకెందుకు కాదు అనుకున్నాను.

పేరు పిలిచారు. లోపల డాక్టరు తల ఎత్తి, "ఏం పెద్దాయనా, ఎట్లున్నవ్?" అని అడిగాడు.

"దేవుని కృపల మంచిగున్న సార్."

నాకు తల కొట్టేసినట్టయింది. మా వాళ్ళను ఎట్లున్నావని అడిగితే వచ్చే జవాబు అదొక్కటే. నూటమూడు జ్వరంతో పడుకున్నవాడు కూడా అదే అంటాడు. "సార్, అది మావాళ్ళు అలవాటుగా అనే మాట" అని నేను అందుకోబోతే, డాక్టరు చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు.

"మోకాళ్ళ నొప్పి అని రాసి ఉంది. నొస్తున్నాయా?"

బాపు నావైపు చూశాడు. నేలవైపు చూశాడు. "దేవుడు ఒకపారి బాగుచేసిండు సార్" అన్నాడు.

"అది కాదయ్యా, ఇప్పుడు?"

బాపు అంగీ గుండీ సరిచేసుకున్నాడు. చెప్పు బాపూ అని నేను లోపల అరుస్తున్నాను. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, "కొంచెం అరుగుదల ఉంది. కూర్చుని లేవగలవా?" అన్నాడు. లేవలేనంటే అయిపోయేది. బాపు కూర్చున్నాడు. ఏదీ పట్టుకోకుండా లేచాడు. మెడ మీద నరం తాడంత లావైంది. అడగకుండానే మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాడు. డాక్టరు కాగితం మీద ఫిట్ అని రాసేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మాకు ఇద్దరూ ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నారు, పుచ్చుకోవాల్సినవాడే చెయ్యి చాపలేదు.

వరండా మెట్ల దగ్గర బాపు రెండు మెట్లు దిగి, మూడో మెట్టు మీద కూలబడిపోయాడు. అంగీ అంతా చెమట. చుట్టూ జనం చూస్తున్నారు. నేను పైమెట్టు మీద నిలబడి, "ఫిట్ అయినవ్ గద, దిగు!" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. కోపం మాత్రం ఇప్పటికీ అట్లాగే ఉంది. బస్సులో ఆయన ఒక సీట్లో, నేను ఇంకో సీట్లో కూర్చుని ఇంటికొచ్చాం. బోర్డు మళ్ళీ కూర్చునేలోపే, ఆ నెలాఖరుతో గడువు అయిపోయింది. ఇంట్లో వారంరోజులు ఎవరి కంచం వాళ్ళమే కడుక్కున్నాం.

తర్వాతి ఆదివారం నేను మందిరానికి రానన్నాను. అవ్వ లాక్కుపోయింది. బాపు ఫిట్ అయ్యాడన్న కబురు మాకంటే ముందే అక్కడికి చేరింది. "స్తోత్రం అన్నా, నీ సాక్ష్యం నిలబెట్టుకున్నవ్" అని ఒకరి తర్వాత ఒకరు చేతులు కలుపుతున్నారు. పాటలయ్యాక పాస్టరు గారు ఇంకెవరినీ అడగలేదు. నవ్వుతూ బాపువైపే చెయ్యి చూపించారు.

బాపు లేచాడు. గోడ పట్టుకుని లేచాడు. ఆ మందిరంలో ఆయన గోడ పట్టుకోవడం అదే మొదటిసారి.

"నా మోకాళ్ళు బాగలేవు" అన్నాడు. "మూడు నెలలు బాగుండె. అది నిజమే. అటెన్క మల్ల షురూ అయింది. మీకు చెప్పలే. చెప్తె దేవుని పేరు పోతదనుకున్న. ఉత్తదే. నా పేరు పోతదని చెప్పలే. మొన్న డాక్టర్ నొస్తుందా అని అడిగితె గూడ గందుకే నోరు రాలే. నా బిడ్డ నౌకరి దేవుని కోసం ఇడిశిపెట్టిన్నని మీరందరు మెచ్చుకున్నరు. దేవుని కోసం కాదు. మీరు కొట్టే సప్పట్ల కోసం ఇడిశిపెట్టిన. గిదే నా సాక్ష్యం."

అని కూర్చోబోయాడు. కూర్చోలేక గోడకు ఆనుకుని అట్లాగే నిలబడ్డాడు.  పాస్టరు గారు బైబిలు తెరిచి మూశారు. ఆడవాళ్ళ చాప మీదినుంచి ఒక ముసలమ్మ, "నా షుగర్ గూడ తగ్గలే అయ్యగారూ. పోయినేడు తగ్గిందని ఊకెనే చెప్పిన" అంది. ఇంకెవరో ముక్కు చీదారు.

నాకైతే ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇంత చక్కగా, తడబడకుండా, మొదటినుంచి చివరిదాకా చెప్పగలిగిన మనిషి, పది రోజుల ముందు ఆ డాక్టరు గదిలో ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? ఉద్యోగం వదులుకోవడం ఆయనకు పెద్ద కష్టం కాలేదు, నాది కాబట్టి. పేరు వదులుకోవడానికే మూడేళ్ళు పట్టింది.

ఆరాధన అయ్యాక ఎవరూ ఆయన దగ్గరికి రాలేదు. బయట చెప్పుల దగ్గర ఒంగలేక నిలబడి ఉంటే, నేనే పోయి ఆయన చెప్పులు తీసి కాళ్ళ ముందు పడేశాను. పెట్టలేదు, పడేశాను.

"కోపంగున్నవా బిడ్డా?"

"ఉన్న."

"ఉండాలె" అన్నాడు. రేపు మొదటి షిఫ్టు. రిటైరయ్యేదాకా ఆ కాళ్ళతోనే దిగాలి, ఎక్కాలి. ఆ సంగతి ఆయనకూ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. నా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా నామీద మోపి, చెవి దగ్గర చిన్నగా అన్నాడు.

"నొస్తుంది బిడ్డా. మస్తు నొస్తుంది."

ఏడాది పొడుగునా నేను అడిగింది ఆ ఒక్క మాటే. ఎవరికి చెప్తే ఉద్యోగం వచ్చేదో వాళ్ళకు చెప్పలేదు. చెప్పినా ఏమీ చేయలేని నాకు చెప్పాడు. తిట్టడానికే నోరు తెరిచాను. ఆయన నడుము చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను.